కూతవేటంటే కూత వినబడాలి

కొన్ని మాటలు చెవిన పడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. తిట్లు కావు, బూతులు కావు. రోజూ అందరూ అనే మామూలు మాటలే. వాటిలో మొదటిది ‘చేయడం జరిగింది’. ఆఫీసుకు పోయి అడిగితే ‘మీ ఫైలు పైకి పంపడం జరిగింది’ అంటారు. టీవీలో నాయకుడు ‘రోడ్డు వేయడం జరిగింది’ అంటాడు. మా గల్లీలో మోరీ తవ్వి వదిలేస్తే, ‘ఎప్పుడు పూడుస్తరు బాబూ?’ అని అక్కడున్న పిల్లవాణ్ణి అడిగాను. ‘పైవాళ్లకు ఇన్‌ఫామ్ చేయడం జరిగింది తాతా’ అన్నాడు. ఎవరు చెప్పారు? ఎవరికి చెప్పారు? జరిగిందట. వాన కురిసినట్టు తనంతట తానే జరిగిందట.

మేం పెరిగిన శంషాబాద్‌లో ఈ మాట ఎవరి నోటా లేదు. పట్వారీ దగ్గరికి పోతే ‘నేనే రాసిన’ అనేవాడు. పట్వారీలందరూ ధర్మాత్ములని కాదు, వాళ్ల పెత్తనం పోయినందుకు నాకేమీ చింత లేదు. కానీ తప్పు రాసినవాడు కూడా ‘నేనే రాసిన, ఏం జేస్తవ్?’ అనేవాడు. కొట్లాడటానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు ఎవరితో కొట్లాడాలి?

గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్తాం. ఇద్దరూ జనం పలుకు కోసం నిలబడ్డవాళ్లే. వాళ్ల పేరిట పెట్టిన సభల్లోనే ‘దండ వేయడం జరిగింది, జ్యోతి వెలిగించడం జరిగింది’ అంటుంటే లేచి వచ్చేయాలనిపిస్తుంది. నోటి తెలుగును కాయితం మీదికి తెచ్చారు ఆ పెద్దలు. మనం ఆఫీసు కాయితాన్ని నోట్లోకి తెచ్చుకున్నాం.

మా ఊరి రైల్వే స్టేషన్ పేరు ఉందానగర్. మీటరుగేజి రోజుల్లో బండి ఆలస్యమైతే స్టేషన్ మనిషి బయటికి వచ్చి, ‘ఇంకా గంటన్నర పడ్తది, పోయి చాయ్ తాగి రాండ్రి’ అని చెప్పేవాడు. ఆ ఒక్క మాటతో సగం కోపం దిగిపోయేది. ఇప్పుడు ఏ స్టేషన్లో నిలబడ్డా ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము’. ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన గొంతు అది. బండి ఎంత ఆలస్యమైనా అదే చింత, అదే రాగం.

మా రోజుల్లో మాటల మీద చిరాకు పడేవాళ్లు లేరని కాదు. ఇంకా ఎక్కువే. మా నాయన ధోతి సర్దుకుని, చేతికర్ర అందుకుని కడప దాటుతుంటే ఎవరైనా ‘ఏడికి?’ అన్నారో, ఇక అంతే. మొహం మాడ్చుకుని వెనక్కి వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, కాసేపాగి మళ్లీ లేచేవాడు. అడగక తప్పకపోతే ‘దూరమా?’ అనాలి. ‘పోతున్న’ అనొద్దు, ‘పోయొస్త’ అనాలి. బియ్యం ‘అయిపోయినయి’ అనొద్దు, ‘నిండుకున్నయి’ అనాలి. దీపం ఆరిపోయింది అనొద్దు, కొండెక్కింది అనాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మా నాయనమ్మ చేతిలో చివాట్లే.

ఇవన్నీ మూఢనమ్మకాలని నాలుగక్షరాలు చదువుకున్న మా తరమే కొట్టిపారేసింది. నేనా మాట ఒప్పుకోను. పని మీద బయల్దేరిన మనిషిని గడపలో నిలబెట్టి ఆరా తీయకూడదు. ఇల్లు విడిచేవాడు తిరిగి వస్తానని చెప్పి మరీ పోవాలి. ఇంట్లో లేమి ఉంటే నలుగురి ముందు చాటుకోకూడదు. ఆ చిరాకు వెనక ఎదుటి మనిషి మనసు నొచ్చుకుంటుందేమోనన్న పట్టింపు ఉంది. ఇప్పటి మాటలు నాకు చిరాకు తెప్పించేది అందుకే. వాటిలో ఎదుటి మనిషి ఊసే ఉండదు.

2008 మార్చి 23 నుంచి విమానాలు బేగంపేట వదిలి మా ఊరికి వచ్చాయి. అప్పటి నుంచి పోయేవాళ్లనూ పంపేవాళ్లనూ చూస్తూనే ఉన్నాను. టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి వీడ్కోళ్లన్నీ గేటు ముందే. మా చుట్టాలబ్బాయిని దింపడానికి పోయినప్పుడు పక్కన ఇంకో కుటుంబం ఉంది. ముసలామె, మనవడు. ‘ఓకే నానమ్మా, బై, టేక్ కేర్’ అని వాడు ట్రాలీ తోయబోయాడు. ఆమె వాడి మణికట్టు పట్టుకుంది. ‘పోయొస్తనని చెప్పు బిడ్డా’ అంది. ‘రెండూ సేమే నానమ్మా’ అని వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు, చెయ్యీ వదల్లేదు. వెనకాల ట్రాలీలు ఆగిపోయాయి, పోలీసాయన ముందుకు జరగమంటున్నాడు. చివరికి వాడు ‘పోయొస్త’ అన్నాకే వదిలింది. ఆమెకు ఎంత చదువుందో నాకు తెలియదు. వాడు పై చదువుకే పోతున్నట్టున్నాడు. రెండూ సేమ్ కాదని ఆమెకు తెలుసు, వాడికి తెలియదు.

ఇక క్యాబులు. బుక్ చేయగానే ఫోన్ మోగుతుంది. నమస్తే లేదు, పేరు లేదు, ‘డ్రాప్ ఏడికి?’ అదే మొదటి మాట. రెండోది ‘క్యాషా, ఆన్‌లైనా?’. చెప్పిన చోటు నచ్చకపోతే మూడో మాటే ఉండదు, ఫోన్ పెట్టేస్తారు. ఆ రోజుల్లో అఫ్జల్‌గంజ్ బస్సు కండక్టరు మాత్రం ‘ఏడికి’ అని అడగలేదా అని మా మనవడు వాదిస్తాడు. అడిగేవాడు. టికెట్ కోయడానికి అడిగేవాడు. ఊరి పేరు చెప్పగానే బస్సులోంచి దించేసేవాడు కాదు.

‘ఐదు నిమిషాల్లో ఉంటా’ అనే మాట ఇంకొకటి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా పీవీ గారి పేరిట వంతెన కట్టి, 2009లో తెరిచారు. ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా మా వైపు వచ్చేయొచ్చు. సంతోషమే. కానీ ఆ వంతెన ఇంకా ఎక్కనివాడు కూడా ‘ఆరాంఘర్ దాటిన, ఐదు నిమిషాలు’ అంటాడు. మా కాలంలో చేతికి గడియారం లేదు. ‘పొద్దుగూకే వరకు వస్త’ అనేవాళ్లు, పొద్దుగూకే వరకు వచ్చేవాళ్లు. ఎదురుచూసేవాళ్లు ఇంట్లో బువ్వ వండి కూర్చుంటారని వాళ్లకు తెలుసు.

బువ్వ అంటే యాదికొచ్చింది. మా మాటలూ ఇప్పటి పిల్లలకు గిట్టవు. ‘తిన్నవా?’ అంటే మా మనవరాలు కసురుకుంటుంది. ‘ఎప్పుడు ఫోన్ చేసినా ఇదొక్కటే ప్రశ్నా తాతా?’ అంటుంది. అవును, ఇదొక్కటే. గంజి తాగి పడుకున్న కరువు రోజులు చూసినవాళ్లం. వాకిట్లోకి ఎవరొచ్చినా ముందు ఆ మాట అడిగి తర్వాతే పనేమిటని అడిగేవాళ్లం. ఆ పిల్ల ఎంత కసురుకున్నా నేను మానను.

ఈ చిరాకు మన దగ్గరే కాదు. అమెరికాలోని మిషిగన్‌లో లేక్ సుపీరియర్ స్టేట్ యూనివర్సిటీ 1976 నుంచి ఏటా కొత్త సంవత్సరానికి, ఫలానా మాటలు ఇక వాడకండని ఒక జాబితా ప్రకటిస్తోంది. 2009లో అమెరికాలోనే ఉన్న మారిస్ట్ కాలేజీ సర్వే చేస్తే అందరికంటే ఎక్కువమందికి చిరాకు తెప్పించే మాట ‘వాటెవర్’ అని తేలింది. తర్వాత కూడా చాలా ఏళ్లు దానిదే మొదటి స్థానం. నీ మాటతో నాకు పనిలేదు అని చెప్పడమే అది. వాళ్లకూ నాకూ మండేది ఒకే చోట అని తెలిసి ధైర్యం వచ్చింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టిన మాట మాత్రం మా భూముల దగ్గరే పుట్టింది. ఎయిర్‌పోర్టుకు 5,500 ఎకరాల దాకా తీసుకున్నారు. జొన్న చేలు, ద్రాక్ష తోటలు, తాతల కాలం నాటి మోట బావులు ఉన్న వైపు ఇది. అభివృద్ధి కావాలన్నారు, సరే. ఊరికి పనులు వచ్చాయి, నేను కాదనను. కానీ ఎక్కడ భూమి తీసుకున్నా రైతును పిలిచే పేరు ‘ల్యాండ్ లూజర్’. భూమి ఇచ్చినవాడు అనొచ్చు. కనీసం భూమి పోయినవాడు అనొచ్చు. బడిపిల్లలు ఆటలో ఓడినవాణ్ణి ఎక్కిరించడానికి వాడే మాటను, ఎకరాలు ఒప్పజెప్పి వచ్చిన పెద్దమనిషి మొహం మీద అనడానికి నోరెట్లా వస్తుంది?

ఆ భూముల చుట్టూ ఇప్పుడు ప్లాట్ల బోర్డులు. మేం ఎకరాల్లో, గుంటల్లో మాట్లాడుకునేవాళ్లం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఇప్పుడు అందరి నోటా గజాలే. అది అమ్మకం లెక్క, పోనీ అనుకున్నాను. ఊళ్ల పేర్లు కూడా తీసేస్తున్నారు. తొండుపల్లి, పాలమాకుల, పెద్ద గోల్కొండ, ఇవేవీ బోర్డు మీద ఉండవు. అన్నీ ‘ఎయిర్‌పోర్ట్ జోన్’ అట. నర్కూడలో సీతారామచంద్రస్వామి కొలువైన అమ్మపల్లి గుడి ఉంది, సినిమాల్లో అందరూ చూసిందే. ముచ్చింతలలో 2022లో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజుల విగ్రహం ఉంది. దేవుడి పుణ్యమా అని ఆ రెండు పేర్లూ నిలిచాయి. దేవుడు పెద్దగా కనబడని ఊళ్ల సంగతేమిటి?

పేరు తీసేసిన చోట వాళ్లు పెట్టే మాట ‘ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరంలో’. మా చేనుకూ ఇంటికీ నడుమ కూతవేటు దూరం. మా అమ్మ దిబ్బెక్కి ‘ఓ...’ అని పిలిస్తే మోట తోలుతున్న నాయనకు వినబడేది. ఎడ్లను ఆపి ‘వస్తున్న’ అని బదులు పలికేవాడు. గాలి ఎదురుగా ఉన్న రోజు వినబడకపోతే నన్ను ఉరికించేది. కూతవేటంటే అంత కచ్చితమైన కొలత మాకు. బెంగళూరు రోడ్డు మీద షాద్‌నగర్ దాటాక కూడా ఆ బోర్డు చూశాను. అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు పాతిక కిలోమీటర్లకు పైనే. దాని కింద ‘కేవలం 20 నిమిషాల ప్రయాణం’ అని ఇంకో ముక్క. ఏ వేళకు బయల్దేరితే 20 నిమిషాలో రాయలేదు. జీవితకాలం కూడబెట్టిన డబ్బు సంచిలో పెట్టుకుని, ఆ బోర్డు నమ్మి బస్సు దిగేవాళ్లను నేను చూస్తున్నాను. వాళ్లలో చాలామంది మళ్లీ రైతుల పిల్లలే.

ప్లాట్లు అమ్ముకునే బాబులారా, అమ్ముకోండి, మీ వ్యాపారం మీది. బోర్డు మీద ఊరి పేరు రాయండి. ఎన్ని కిలోమీటర్లో అంకెల్లో రాయండి. కూతవేటు అని మాత్రం రాయకండి.