నేను మార్టిన్ గుండును

బ్రిటిష్ నౌకాదళం 1860ల్లో వాడకంలోకి తెచ్చిన నిప్పు గుండును నేను. పోత ఇనుముతో చేసిన బోలు గోళం నా ఒళ్ళు. లోపలి గోడకు మట్టి పూత పూస్తారు. యుద్ధానికి సిద్ధమయ్యేటప్పుడు ఓడలోని కొలిమిలో ఇనుము కరిగించి, గరిటెతో నా నోట్లో పోస్తారు. మూతి దగ్గరి ఇనుము చల్లారి గడ్డకట్టి తానే బిరడా అవుతుంది, కడుపులోది మాత్రం ద్రవంగానే ఉంటుంది. శత్రువు ఓడకు తగలగానే నేను పగిలి ఆ ద్రవాన్ని చెక్క మీద చిమ్మాలి. అంటే పగలడమే నా ప్రతిభ. ఆ ప్రతిభే నా చావుకు కారణమైంది.

చెక్క ఓడ అంటే తారు, తాళ్ళు, తెరచాపలు, వాటి మధ్య బారెళ్ళ కొద్దీ తుపాకి మందు. 1782లో జిబ్రాల్టర్ కోట నుంచి ఎర్రగా కాల్చిన గుళ్ళు పేల్చి, స్పెయిన్ తేలించిన ఫిరంగి నావలను తగలబెట్టారు. కానీ ఒడ్డున కొలిమి పెట్టుకోవడం వేరు, మందు నిండిన ఓడలో కణకణలాడే గుండును ఫిరంగి దాకా మోయడం వేరు. ఆ నిప్పును నేను ఒళ్ళో దాచుకుని వచ్చాను. పేలే గుళ్ళు ఉండగా నీ అవసరమేమిటని అడగవచ్చు. నిజమే, 1853లో సినోప్ రేవులో రష్యా నౌకలు ఆ గుళ్ళతోనే టర్కీ నౌకలను కాల్చేశాయి. అయితే పేలే గుండు ఫ్యూజు మీద ఆధారపడుతుంది. అది ముందే కాలినా, అసలు కాలకపోయినా దెబ్బ వృథా. నాకు ఫ్యూజుతో పని లేదు.

మరి నన్నెందుకు వదిలేశారు? 1862 మార్చి 8న అమెరికాలోని హాంప్టన్ రోడ్స్‌లో ఇనుప కవచం తొడిగిన వర్జీనియా అనే నౌక, కాల్చిన గుళ్ళతో కాంగ్రెస్ అనే చెక్క నౌకను తగలబెట్టింది. ఆ రాత్రి కాంగ్రెస్ పేలిపోయింది. మర్నాడు అదే వర్జీనియా ఇనుప నౌక మానిటర్‌తో గంటల తరబడి పోరాడింది. ఒకరి కవచాన్ని ఒకరు ఛేదించలేకపోయారు. చెక్క మీద గెలిచిన నిప్పుకు ఇనుము లొంగలేదు. నా కొలిమిని మోసిన బ్రిటిష్ నౌక వారియర్‌కే నాలుగున్నర అంగుళాల ఇనుప కవచం ఉంది.

ఆ కవచం వెనుక పద్దెనిమిది అంగుళాల టేకు ఉంది కదా, అది కాలదా అని మరో ప్రశ్న వస్తుంది. కాలుతుంది, కానీ నిప్పు అక్కడిదాకా చేరాలి. చేరాలంటే గుండు పగలకుండా ఇనుమును చీల్చాలి. నన్ను తయారుచేసిందే పగలడానికి. గోడలు గట్టిచేస్తే కడుపులోని నిప్పు బయటపడదు, పలచగా ఉంచితే కవచం తెగదు. కొలిమి రాజేసి ఇనుము కరిగేదాకా ఆగాల్సిన ఆలస్యం కంటే ఈ చిక్కే పెద్దది. అదే దశాబ్దంలో పాలిసర్ అనే సైనికాధికారి పోత ఇనుము గుండు మొనను ఇనుప అచ్చులో త్వరగా చల్లార్చి గట్టిపరిచాడు. నా జాతి లోహమే కవచాన్ని తొలిచే గుండైంది.

ఆయుధం గొప్పతనాన్ని దాని నిప్పులో వెతకకండి, ఎదుటి గోడ దేనితో కట్టిందో చూడండి. 1869లో నన్ను వాడకం నుంచి తీసేశారు. ఆ నిర్ణయం న్యాయమైనదే.