యజమాని గారూ, కాస్త పక్కకు జరగండి

ఆస్ట్రేలియాలో సభ ఏదైనా, ముందు ఒక మాట చదవడం ఆనవాయితీ. ‘ఈ నేల సంప్రదాయ యజమానులకు, వారి పెద్దలకు మా గౌరవం’ అని, అక్కడి ఆదివాసులను ఉద్దేశించి. పార్లమెంటులో చదువుతారు, బడి వార్షికోత్సవంలో చదువుతారు, కంపెనీ వాటాదార్ల సమావేశంలోనూ చదువుతారు. చదివేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అసలు పనిలోకి దిగుతారు. నన్ను ఊరించేది అందులోని ‘సంప్రదాయ’ అనే ముక్క. మన దగ్గర ఇంటి యజమాని అంటే తాళంచెవి ఉన్నవాడు. దానిముందు ‘సంప్రదాయ’ అని తగిలించి చూడండి, తాళంచెవి మాయం. దండ మాత్రం మిగులుతుంది.

ఈ మర్యాద ఎంత దూరం పోగలదో చూడాలంటే ఉత్తరాన ఉన్న కాకడూ జాతీయ పార్కుకు వెళ్లాలి. దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా కాస్త పెద్దది. వానలు పట్టాయంటే మైదానమంతా నీరే. నీరు తీసేకొద్దీ మిగిలిన మడుగుల చుట్టూ మాగ్‌పై బాతులు వేలకు వేలుగా చేరతాయి. కలువల కింద మొసళ్లు ఓపిగ్గా కాచుకుంటాయి. అక్కడి బినిన్జ్ ప్రజలు ఏడాదికి ఆరు ఋతువులు లెక్కపెడతారు, అచ్చం మనలాగే. తర్వాత వచ్చిన దొరలకు రెండు చాలాయి: రోడ్లు మునిగే కాలం, మునగని కాలం. పార్కు పేరు కూడా గాగుడ్జు అనే భాష పేరును వాళ్లు పలికిన తీరే. ఆ భాషను ధారాళంగా మాట్లాడే చివరి మనిషి బిగ్ బిల్ నీడ్జీ 2002లో పోయాడు. పేరు మాత్రం బోర్డు మీద భద్రంగా ఉంది.

ఈ చిత్తడినేల కింద యురేనియం ఉందని తేలాక, తవ్వాలా వద్దా అని ప్రభుత్వం 1975లో విచారణ వేసింది. అధ్యక్షుడు జస్టిస్ ఫాక్స్. ఆ పేరు నేను పెట్టింది కాదు. ఆ నేల మిరార్ తెగవారిది. మాకు గని వద్దన్నారు వాళ్లు. విచారణ సంఘం ఆ మాట శ్రద్ధగా విని, నిజాయతీగా నమోదు చేసుకుని, వాళ్ల అభ్యంతరం గనికి అడ్డు కాకూడదని తేల్చింది. 1976లో భూమి హక్కుల చట్టం వచ్చింది. గనులకు ‘వద్దు’ అనే అధికారాన్ని ఆదివాసులకు ఇచ్చిన గొప్ప చట్టం. అందులోనే ఒక చిన్న నిబంధన: ఈ అధికారం ఇక్కడ తవ్వబోయే రేంజర్ గని దగ్గర చెల్లదు. విస్తరి వేసి, నెయ్యి వడ్డించి, అన్నం ముద్ద మాత్రం లాగేసుకున్నట్టు.

1979లో పార్కు వెలిసింది. గని చుట్టూ నాలుగు వైపులా పార్కే, కానీ గని పార్కులో లేదు. పటంలో దాదాపు 80 చదరపు కిలోమీటర్ల ఆ చోటు జాగ్రత్తగా కత్తిరించి పక్కనపెట్టారు. గారెను అడిగితే చిల్లు నాలో భాగం కాదంటుందేమో మరి. ఆ చిల్లులోంచి 2021 జనవరి దాకా లక్షా ముప్పై వేల టన్నులకు పైగా యురేనియం ఆక్సైడ్ బయటికి పోయింది. 2013 డిసెంబరులో అక్కడే ఒక ట్యాంకు పగిలి పది లక్షల లీటర్లకు పైగా ఆమ్లపు బురద ఒలికింది. నేలను పార్కులో కలపడానికి పనికొచ్చేలా శుభ్రం చేసి ఇవ్వడానికి గడువు 2026 జనవరి. పని సాగక, ఖర్చు 200 కోట్ల డాలర్లు దాటేసరికి గడువునే జరిపారు.

పక్కనే జబిలూకాలో రెండో గని తవ్వుతామన్నప్పుడు, 1998లో, మిరార్ పెద్ద ఇవోన్ మార్గరులా అడ్డం నిలబడ్డారు. పోలీసులు ఆవిడను అరెస్టు చేశారు. కోర్టు నేరం రుజువైందంది. నేరం పేరు అక్రమ ప్రవేశం. ఎక్కడికి? తన నేలలోకే. ఆ గని లీజు హద్దుల్లోనే ఉన్న మాజెడ్‌బెబే రాతిచాటున మనుషులు 65 వేల ఏళ్ల కిందటే కాపురమున్న ఆనవాళ్లను పరిశోధకులు 2017లో ప్రకటించారు. అక్రమ ప్రవేశం ఎప్పుడు మొదలైందో లెక్క కట్టుకోవచ్చు. జబిలూకా లీజును పొడిగించబోమని ప్రభుత్వం 2024లో చెప్పింది, చెప్పుకోవాల్సిన మంచి మాటే. నల్లమలలో యురేనియం సర్వే అనగానే 2019లో మన చెంచులకు గుండె ఎందుకు గుభేలుమందో, పులుల కోసం ఖాళీ చేయమన్న నోటే ఆ సర్వేకు ఎలా సరే అనగలిగిందో, మిరార్‌లను అడిగితే విడమరిచి చెబుతారు.

గనివాడి సంగతి సరే, వాడు డబ్బు కోసం వచ్చాడు. ప్రకృతిని కాపాడటానికి జీతం తీసుకునే వాళ్ల ముచ్చట గున్లోమ్ జలపాతం దగ్గర చూడాలి. ‘క్రొకడైల్ డండీ’ సినిమాలో కనిపించిన చోటది. పైనున్న స్థలం జావోయిన్ ప్రజలకు పవిత్రం. కొందరు తప్ప ఎవరూ చూడకూడనిది. పార్కు నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ 2019లో అక్కడికి దగ్గరగా నడకదారి కట్టింది. పవిత్ర స్థలాలను కాపాడే సంస్థ నుంచి అనుమతి తీసుకోలేదు. కేసు పడింది. పార్కు వాళ్లు క్షమాపణ చెప్పారు, ఎంతో వినయంగా. కోర్టులో మాత్రం వాదన వేరు: అది ఉత్తర ప్రాంత ప్రభుత్వం చేసిన చట్టం, మేం కేంద్రం వాళ్లం, మాకది వర్తించదు.

అద్దెకున్నవాడు మన దేవుడి గదిలోంచి మెట్లు కట్టుకున్నాడనుకోండి. ‘అయ్యో, తప్పయిపోయింది బాబాయ్’ అని చేతులు పట్టుకుంటాడు. కోర్టుకెక్కితే ‘నేను గవర్నమెంటు ఉద్యోగిని, అద్దె చట్టం నాకు లేదు’ అంటాడు. పోలిక మరీ దూరమేం కాదు. ఆ పార్కులో ఆదివాసుల భూమిని లీజుకు తీసుకున్న కౌలుదారు సాక్షాత్తూ జాతీయ పార్కుల డైరెక్టరే. 2022లో కింది కోర్టు ఆ వాదనకు తలూపింది కూడా. 2024 మేలో హైకోర్టు, అంటే అక్కడి సుప్రీంకోర్టు, కుదరదని తేల్చింది. ఆ ఏడాదే రెండు లక్షల డాలర్ల జరిమానా పడింది. కాపలాదారుడిని దారికి తేవడానికి ఐదేళ్లు.

ఆ కేసు నడుస్తుండగానే, 2022 మార్చిలో, కాకడూలో దాదాపు సగం నేలను సంప్రదాయ యజమానులకు తిరిగి ఇచ్చారు. దశాబ్దాలుగా నలిగిన దావా అది. పండగలా జరిగింది. ఒక చేతికి పట్టా ఇచ్చారు, రెండో చేతిలోంచి అదే నేలకు కౌలు కాగితం తీసుకున్నారు, పార్కు కోసం. సభ మొదట్లో ఆ మాట చదివే ఉంటారు.