మొండి బోల్టు పద్యానికి టీకా తాత్పర్యం

తలను బిగబట్టి తిప్పినన్ దలయె యరుగు
మరలపట్టు వీడదు గదా మర్మ మదియె
ఓర్పు నూనెయు నిప్పును నొక్క సుత్తి
తుప్పు వదిలించు పిదపనే తొడుగు పాన

అవతారిక: పాతకారు మరమ్మతు శాస్త్రంలో ఇంజను మీద, గేరుబాక్సు మీద, కార్బ్యురేటరు మీద చెప్పగలవారు ఊరికి పదిమంది ఉంటారు. వాటి దగ్గరికి పోనివ్వకుండా దారికి అడ్డం కూర్చునే తుప్పుబోల్టు మీద పద్యం చెప్పినవారు మాత్రం కనబడరు. ఆ లోటు తీర్చడానికే ఈ తేటగీతి. మూలకర్తా టీకాకారుడూ ఒక్కరే కావడంతో పాఠభేదాల బెడద లేదు. కవిహృదయం ఇది కాదని వాదించే సందు కూడా ఎవరికీ మిగలలేదు. మెదక్ సీమకు చెందిన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయకూడదనీ, అక్కరలేనిది చెప్పకూడదనీ నియమం పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ఈ టీకలో మొదటి నియమం చెల్లుతుంది. రెండోది చెల్లడం బోల్టు ఎంత బిగిసిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రతిపదార్థం: తలను = బోల్టు ఆరుపలకల తలను; బిగబట్టి = సైజు చూడకుండా చేతికి దొరికిన పానాతో పట్టుకొని; తిప్పినన్ = ఉన్న బలమంతా పెట్టి తిప్పితే; తలయె = తల మాత్రమే; అరుగు = మూలలు పోయి గుండ్రమవుతుంది; మరలపట్టు = లోపలి మరలు ఒకదాన్నొకటి కరచుకున్న పట్టు; వీడదు గదా = వదలదు కదా; మర్మము అదియె = అసలు కిటుకు అదే; ఓర్పు = రాత్రంతా నాననివ్వగల నిబ్బరం; నూనెయు = సందుల్లోకి దూరగల పలచని నూనె; నిప్పును = గ్యాసుమంట; ఒక్క సుత్తి = ఒకే ఒక సుత్తి (రెండోది అడిగిన మెకానిక్కుకు ముందుగా టీ తెప్పించాలని సంప్రదాయం); తుప్పు వదిలించు = ఇవన్నీ కలిసి తుప్పు పట్టును విడిపిస్తాయి; పిదపనే = ఆ తరవాతే; తొడుగు = తొడగవలసింది; పాన = పానా. గణం కుదరడానికి కవి దీర్ఘం కోశాడు. షెడ్డులో పానా పొడవు తగ్గించమని అడిగినవారు ఇంతవరకూ లేరు.

తాత్పర్యం: బోల్టు రావడం లేదంటే వేసిన బలం చాలలేదని లోకం అనుకుంటుంది, అందుకే పానా చివరకు ఇనప పైపు తొడుగుతుంది. పద్యం దీన్ని ఒప్పుకోదు. రోగం మరల్లో ఉంటే మందు తలకు రాస్తున్నారని దాని ఫిర్యాదు. పానా పట్టేది తలను, తుప్పు పట్టింది మరలను, ఆ రెంటి నడుమ సన్నటి కాడ. బలం పెంచుకుంటూ పోయినప్పుడు ఈ మూడింటిలో ఏది ముందు ఓడిపోతుందన్నదే అసలు ప్రశ్న. తల మూలలు ఓడితే బోల్టు గుండ్రమై పానా జారుతుంది. కాడ ఓడితే తల ఊడి చేతికొస్తుంది, మొండెం ఇంజనులోనే ఉండిపోతుంది. మరలపట్టు ఓడినప్పుడే పని జరిగినట్టు. కాబట్టి మరమ్మతు చేసేవాడి పనల్లా మరలపట్టును ఆ మూడింటిలోకీ బలహీనమైనదిగా మార్చడం. అలా మార్చకముందు వేసిన ప్రతి అదనపు బలమూ మిగిలిన రెండింటికే శిక్ష. పద్యంలోని ‘పిదపనే’ అన్న మాట ఈ వరుసను శాసిస్తోంది.

ఇందుకు ప్రమాణం బిగింపు లెక్కల్లోనే ఉంది. శుభ్రమైన మామూలు బోల్టును బిగించేటప్పుడు మనం వేసే శ్రమలో సుమారు 50 శాతం తల కింది రాపిడికి, మరో 40 శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీసి రెండు భాగాలను అదిమి పట్టేది మిగిలిన 10 శాతమే. అంటే నిన్న షాపులో కొన్న బోల్టు కూడా చాలావరకు రాపిడి మీదే నిలబడి ఉంది. ఇక తుప్పు చేరితే చెప్పేదేముంది? ఇనుము తుప్పుగా మారినప్పుడు అది ఆక్రమించే చోటు రెండు రెట్లు దాటిపోతుంది. మరల మధ్య ఉన్న సందు అంత చోటివ్వలేదు. తుప్పు అటూ ఇటూ నెట్టుకుని, పానా ఎన్నడూ బిగించనంతగా బిగిస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఉప్పుగాలిలో తిరిగిన బండికి ఈ బిగింపు ఇంకా తొందరగా సిద్ధిస్తుంది. ఇప్పుడు పైపు సంగతి చూద్దాం. 8 మిల్లీమీటర్ల మందం, 8.8 గ్రేడు ఉన్న బోల్టును బిగించవలసింది సుమారు 25 న్యూటన్ మీటర్లతో. పానాకు మీటరు పైపు తొడిగి, చివర 20 కిలోల బరువు మోపితే పడేది దాదాపు 200 న్యూటన్ మీటర్లు, అంటే ఎనిమిది రెట్లు. బలం తక్కువైందన్న వాదన ఈ లెక్క ముందు నిలవదు.

విశేషం: తల అరగడంలో తుప్పుకు ఎంత పాపముందో పానాకూ అంత ఉంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి పుట్టిన అంబాసిడర్ అంగుళాల బోల్టులతో వచ్చింది. 1990లలో దానికే ఇసుజు ఇంజను పెట్టినప్పుడు మిల్లీమీటర్ల బోల్టులూ వచ్చి చేరాయి. అర అంగుళం తల అంటే 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 నంబరు పానా హాయిగా తొడుక్కుంటుంది; ఆ హాయిలోనే ప్రమాదం ఉంది. మిగిలిన 0.3 మిల్లీమీటర్ల వదులులో పానా కొద్దిగా పక్కకు తిరిగి, పలకల మీద పడవలసిన బలాన్ని మూలల మీద వేస్తుంది. అలాగే ఫిక్సు పానా రెండు పలకలనే పట్టుకుంటుంది. పన్నెండు మూలల రింగు పానా చుట్టూ పట్టినా మూలలకు దగ్గరగానే నొక్కుతుంది. ఆరు మూలల సాకెట్టు ఒక్కటే పలకల మీద ఆని తిప్పుతుంది. మూలలను కాపాడుకోవడం కూడా మూడు పక్షాల పోటీలో మరలను ఓడించే ఉపాయమే గనుక ఇది పద్యార్థానికి బయటిది కాదు.

మూడో పాదంలో ఓర్పు నూనెకన్నా ముందు కూర్చుంది. యతి కోసం అలా పెట్టారనేవారు కొందరు, వారిదీ నిజమే. కానీ శాస్త్రం కూడా అదే వరుస చెబుతుంది. నూనె మరల్లోకి వెళ్లేది మన బలంతో కాదు, సన్నటి సందు ద్రవాన్ని తనలోకి లాక్కునే గుణంతో. దానికి గంటలు కావాలి. ప్రతి షెడ్డులోనూ కనిపించే డబ్ల్యూడీ-40 పేరులోనే దాని మొదటి ఉద్దేశం ఉంది: 1953లో శాన్ డియాగోలో నీటిని తొలగించే ద్రవం కోసం చేసిన ప్రయత్నాల్లో నలభయ్యవది ఫలించిందని ఆ పేరు. అది కొట్టి మరుక్షణమే పానా తొడిగేవాడు నూనెను వాడినట్టు కాదు, చల్లినట్టు. నిప్పు సంగతి లెక్కకు మరింత అందుతుంది. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్ల చొప్పున వ్యాకోచిస్తుంది. 10 మిల్లీమీటర్ల బోల్టు చుట్టూ ఉన్న నట్టును 200 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం పెరిగేది 24 మైక్రాన్లు, వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. కానీ తుప్పు పెళుసు, సాగదు, పగులుతుంది. ఆ పగుళ్లలోకి నూనెగానీ కరిగిన మైనంగానీ దిగుతుంది. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది గనుక అల్యూమినియం భాగంలో బిగిసిన ఉక్కు బోల్టుకు ఈ వైద్యం ఇంకా బాగా పనిచేస్తుంది. వేడెక్కించవలసింది చుట్టూ ఉన్నదాన్ని. బోల్టునే కాల్చితే అదే ఉబ్బి మరింత బిగుస్తుంది. అప్పుడు అది చల్లారి కుదించుకునేదాకా ఆగవలసిందే, ఓర్పు మళ్లీ మొదటికొస్తుంది.

శంక: సుత్తిని ఒప్పుకున్నాక బలాన్ని నిందించడం ఎలా కుదురుతుంది? సుత్తికన్నా మోటుబలం ఏముంది? సమాధానం: సుత్తిదెబ్బ బోల్టును తిప్పదు. తల మీద నిలువుగా తగిలిన దెబ్బ కాడ వెంట దిగి మరలను అదరగొడుతుంది. పెళుసైన తుప్పు ఆ అదురుకు విరుగుతుంది. మెలితిప్పే బలం తల దగ్గరే ఖర్చయిపోతే, అదురు రోగమున్న చోటికి వెళ్తుంది. కొట్టగానే కొద్దిగా తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు ఈ రెంటినీ కలిపిన సాధనం. ముందు కాస్త బిగించే వైపు కదిపి, తరవాత విప్పే వైపు తిప్పి, అలా అటూ ఇటూ ఆడించడం కూడా తుప్పును నలిపి పొడి చేయడానికే. సుత్తి సిద్ధాంతానికి శత్రువు కాదు, సాక్షి.

మరో శంక: ఇదంతా తీరిక ఉన్నవారి మాట. కస్టమరు గుమ్మంలో నిలబడి ఉంటే రాత్రంతా నానబెట్టడం ఎవరికి సాధ్యం? గ్రైండరుతో తల కోసేసి కొత్త బోల్టు వేస్తే పోతుంది గదా? ఇందులో సగం న్యాయం ఉంది. బోల్టు ఆరపార వెళ్లి అవతల నట్టు ఉన్నచోట కోసేయడమే తెలివైన పని. అక్కడ మొండి బోల్టు మీద ఓర్పు చూపడం బోల్టుకు గౌరవమే గానీ బండికి మేలు కాదు. అయితే బోల్టు ఇంజను బ్లాకులోకో సిలిండరు హెడ్డులోకో దిగి ఉంటే కథ వేరు. తల పోయిన మొండాన్ని డ్రిల్లు చేయాలి, డ్రిల్లు పక్కకు పోతే మరలు పోతాయి, కొత్త మరలు ట్యాపు చేయాలి, అదీ కుదరకపోతే హెడ్డు విప్పి లేతు దగ్గరికి పంపాలి. ఇంత పని ఎదురుగా ఉన్నప్పుడు నానబెట్టిన రాత్రి నష్టం కిందికి రాదు. ఓర్పు ఎక్కడ అవసరమో ఎక్కడ కాదో తేల్చేది తీరిక కాదు, బోల్టు వెనకాల ఏముందన్నది.

మూడో శంక: తల ఇప్పటికే గుండ్రమైపోతే పద్యం ఏం చేస్తుంది? ‘తలయె యరుగు’ అని జాలిపడి ఊరుకోవడమేనా? సమాధానం: అప్పుడూ సూత్రం అదే. గుండ్రమైన 13 నంబరు తల మీదికి అర అంగుళం సాకెట్టును సుత్తితో దిగ్గొడితే, మొదట మూలలను తిన్న ఆ 0.3 మిల్లీమీటర్ల తేడానే ఇప్పుడు పట్టుగా మారుతుంది. కొట్టిన దెబ్బలు మరలకూ అందుతాయి. విరిగిన మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగు చేయడం ఎక్కువసార్లు ఫలిస్తుంది, ఎందుకంటే అది కొత్త తలను ఇవ్వడంతోపాటు మొండాన్ని ఎర్రగా కాల్చి, చల్లారేటప్పుడు కుదిస్తుంది. రంధ్రం చేసి ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టరును దింపే పద్ధతి తరచు దగా చేస్తుంది. అది వేడినీ ఇవ్వదు, అదురునూ ఇవ్వదు, మెలి ఒక్కటే ఇస్తుంది. బోల్టుకన్నా సన్నం, గట్టితనం వల్ల పెళుసు. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లుకు తెగదు. మరలను వదిలించకుండా బలం వేసిన పాపానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

నిప్పుకు మినహాయింపులున్నాయి. పెట్రోలు పైపు, ట్యాంకు, బ్రేకు హోసు, రబ్బరు బుష్షు ఉన్నచోట మంట నిషిద్ధం. బ్రేకు బ్లీడరు నిపిల్ లోపల బోలుగా ఉంటుంది గనుక దాని దగ్గర ఓర్పు, నూనె, చిన్న దెబ్బలే గతి. ఇక తిప్పే ముందు మర ఏ వైపుదో చూడటం పద్యం చెప్పకపోయినా టీకాకారుడి ధర్మం: సైకిలు ఎడమ పెడలు ఎడమ మరతో ఉంటుందని తెలిసినవారు సైతం బండి కింద పడుకున్నాక దిక్కులు మరిచిపోతారు.

ఫలశ్రుతి: ఈ టీక చదివి, విప్పిన బోల్టు మరలను తీగబ్రష్షుతో తోమి, పలచగా గ్రీజు రాసి బిగించినవారికి ఫలం తప్పక కలుగుతుంది. గ్రీజు రాపిడిని తగ్గిస్తుంది గనుక అదే బిగింపుకు బోల్టు ఎక్కువ సాగుతుంది. పొడిమరకు చెప్పిన టార్కును కొంత తగ్గించాలి, చక్రం నట్ల విషయంలో కంపెనీ చెప్పినదే చేయాలి. ఆ ఫలం బిగించినవారికే దక్కకపోవచ్చు. పదేళ్ల తరవాత అదే బండి కింద దూరిన మరో మెకానిక్కు పానా తొడగ్గానే నట్టు తిరిగిపోతే, ఎందుకు తిరిగిందో అతనికి తెలియదు. బిల్లులో అరగంట మాత్రం తగ్గించడు.