జమాఖర్చులు

గోదావరి డెల్టాలో ఏ కాలువ గట్టు పట్టుకుని నడిచినా ఎక్కడో ఒకచోట కాటన్ దొర ఎదురవుతాడు. కొన్ని ఊళ్లలో రొమ్ము దాకా, కొన్ని ఊళ్లలో నిలువెత్తున, ఇంకొన్ని ఊళ్లలో గుర్రం మీద. 1833 నాటి డొక్కల కరువు మాట ముత్తాతల నోట విన్న ఇళ్లు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించాడాయన. అంతకుముందు ఏటా వరద వస్తే మునిగి, రాకపోతే ఎండి, రెండు విధాలా ఏడ్చిన నేల ఆ తర్వాత తెలుగుదేశానికి అన్నం పెట్టింది. సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పే పురోహితులున్నారు. ఆ అలవాటంటే నాకు చాలా ఇష్టం. తిన్న అన్నం ఎవరి చలవో తలుచుకునే ఊరు చెడిపోదని నా నమ్మకం.

మా కోనసీమ ఊళ్లో ఏటా జూలై 24న కాటన్ వర్ధంతి చేస్తారు. 1899లో ఆయన కన్నుమూసిన రోజది. మే 15న జయంతి ఉంది గానీ అప్పటికి కాలువలు కట్టేసి ఉంటాయి. నీళ్లు లేని కాలువ ఒడ్డున ఆ మనిషిని తలుచుకోవడం మావాళ్లకు మనసొప్పదు. జూలై అయితే కాలువలో ఎర్రనీరు ఒడ్డొరుసుకుని పారుతుంటుంది. సార్వా ఊడ్పులు సాగుతుంటాయి. వంతెన పక్కన గుర్రమెక్కిన దొరగారికి దండ వేస్తుంటే, చేలో ఊడ్చే ఆడవాళ్ల పాట అక్కడిదాకా వినపడుతుంది.

ఆ నీళ్లు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరి, లొల్ల లాకులు దాటి, మా ఊరి తూము దాకా రావడం కాటన్ దొర పుణ్యం. తూము దాటి చేలోకి వెళ్లడం లస్కరు పని.

కాలువ ఎరగని వాళ్ల కోసం ఆ పని కాస్త వివరంగా చెప్పాలి. ఈ ఆషాఢంలో ఒక రాత్రి కుండపోతగా వాన. మా చేను ఆ తూము కిందే కాబట్టి మడి మునిగిపోతుందేమోనని టార్చి పట్టుకుని వెళ్లాను. నాకంటే ముందే లస్కరు బాబాయ్ అక్కడున్నాడు. పైనుంచి కొట్టుకొచ్చిన గుర్రపు డెక్క చాపలా అల్లుకుపోయి తూము నోరు మూసేసింది. నీళ్లు చేలోకి దిగే దారిలేక కాలువలో మట్టం పెరుగుతోంది. ఇంకాసేపు అలాగే ఉంటే బలహీనంగా ఉన్నచోట గట్టుకు గండి పడుతుంది. బాబాయ్ పంచె ఎగగట్టి రొమ్ములోతు నీళ్లలో దిగాడు. ఒక చేత్తో తూము ఊచ పట్టుకుని, రెండో చేత్తో కొడవలితో వేళ్లు తెంపుతూ, తెగిన మోపును వెదురుగడ కొక్కేనికి తగిలించి గట్టు మీదికి లాగాడు. లాగిన కొద్దీ ఇంకా వస్తూనే ఉంది. నేను అందుకుని పక్కకు విసిరాను గానీ, అతను పడుతున్న శ్రమలో నాది వీసమెత్తు కూడా లేదు.

అంతా తీసేశాక పైకొచ్చి, షట్టరు హ్యాండిల్‌కు దణ్ణం పెట్టి, నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాడు. కొంచెం తిప్పి ఆగి, నీళ్లు పడే చప్పుడు విన్నాడు. ఇంకో అరచుట్టు తిప్పి మళ్లీ విన్నాడు. కాస్త ఎక్కువ ఎత్తితే ఎగువ మళ్లలో నిన్న ఊడ్చిన నారు తేలిపోతుంది. తక్కువ ఎత్తితే శివారు చేలకు చుక్క వెళ్లదు. ఆ మధ్యలో ఎక్కడ ఆపాలో అతని చెవికి తెలుసు. తర్వాత గేజీ రాయి మీదికి టార్చి వేసి చూసుకుని, తలూపి, గోనెపట్టా నెత్తిన వేసుకుని శివారు వైపు బయల్దేరాడు.

"ఈ వానలో అంత దూరం దేనికి బాబాయ్? తెల్లారాక వెళ్లొచ్చుగా" అన్నాను.

"ఆయ్, రేపు పొద్దున్నే అక్కడ ఊడుపండి. కౌలు చేనండి పాపం. కూలీలు దిగే వేళకి మళ్లో నీళ్లు లేకపోతే ఆ పిల్ల ఒకపూట కూలి డబ్బులు ఉత్తినే ఇచ్చుకోవాలండి. బోదెలో నీళ్లు నడుస్తున్నాయో లేదో చూసొస్తే నాకూ నిద్ర పడతదండి" అన్నాడు.

ఆ పని గురించి అతను విసుక్కోగా నేనెప్పుడూ వినలేదు. జీతం మూడు నెలలకోసారి వచ్చినా, రాత్రీ పగలూ తేడా లేకపోయినా, ఎగువ వాళ్లూ దిగువ వాళ్లూ గట్టు మీద తిట్టుకుంటూ మధ్యలో తననూ కలిపి తిట్టినా సరే. "నేను చెయ్యేస్తే అన్ని ఎకరాలు తడుస్తాయండి. ఇంతటి భాగ్యం కలెక్టరు గారికి కూడా లేదండి" అంటాడు. మాటవరసకు అనడు, నిజంగానే అలా బతుకుతాడు. సంతోషంగా పనిచేసే మనిషిని చూడాలనుకున్నప్పుడల్లా నేను ఆ తూము దగ్గరికి వెళ్తాను. ఆ కౌలు రైతు పిల్ల కూడా మరిచిపోదు. కోతలయ్యాక కుంచెడు కొత్తబియ్యం తెచ్చి అతని అరుగు మీద పెట్టి వెళ్తుంది. ఆమె చేసేది సొంత పొలం కూడా కాదు.

అతనికి ఉన్నదల్లా పురుగుల భయం. రాత్రిపూట పాము పేరెత్తకూడదని మావైపు పురుగనే అంటారు. వానాకాలం డెల్టా గట్లు తాచులకూ, కట్లపాములకూ, రక్తపింజరులకూ కాపురాలు. కన్నాలు నీళ్లతో నిండితే అవన్నీ గట్టు మీదికే వస్తాయి. ఆ గట్టు మీదే లస్కరు ఉత్తకాళ్లతో నడవాలి. చెప్పులు వేసుకుంటే బురదలో ఊడిపోతాయి. పాముకాట్లలో ఎక్కువ భాగం మోకాలి కిందనే పడతాయని వైద్యులు చెబుతూనే ఉన్నారు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది కూడా. నిరుడు దీపావళికి ముందు మా బాబాయిని పిక్క మీద పురుగు ముట్టుకుంది. మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తించారు. మందు వేళకు ఎక్కబట్టి బతికాడు.

కోలుకుని వచ్చాక ఊళ్లోని నీటి సంఘం పెద్దల్ని ఒకే ఒక్కటి అడిగాడు, మోకాళ్ల దాకా వచ్చే గమ్ బూట్లు ఒక జత. వాళ్లు పుస్తకం తిరగేశారు. "దానికి పద్దు లేదయ్యా, చూద్దాంలే" అన్నారు. అలా అన్నవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. ఆ రాత్రి మోటారు సైకిలు నడిపింది వాళ్లలో ఒకరే.

ఈసారి వర్ధంతి ఘనంగా చేశారు. విగ్రహానికి కొత్త రంగులు, వంతెన పొడుగునా మామిడాకుల తోరణాలు, బడి పిల్లలకు పులిహోర, చక్రపొంగలి. సంఘం అధ్యక్షులు చక్కగా మాట్లాడారు. కాటన్ వెంట నడిచి ఆనకట్ట కట్టించిన మన వీణెం వీరన్నను కూడా తలుచుకున్నారు. కాలువల కోసం జీవితమంతా వాదించిన దొరగారు 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి జవాబులు చెప్పుకోవాల్సి వచ్చిందని చెబుతున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది. "సొంతవాళ్లే ఆయన్ను అర్థం చేసుకోలేదు. మేలు చేసినవాణ్ణి బతికుండగా గుర్తించని జాతి ఏం జాతి? మనం అలాంటివాళ్లం కాము" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను.

ఆ ఊపులోనే లస్కరును వేదిక మీదికి పిలిచారు. బాబాయ్ తూము దగ్గర్నుంచి అలాగే వచ్చాడు. జంపఖానా మీద బురద పాదాలు పడతాయని అంచున ఆగిపోతే, "ఫర్వాలేదు రావయ్యా" అని అధ్యక్షులే చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమన్నారు.

"ఆయ్, నాదేముందండి. నీళ్లిచ్చేది గోదారి తల్లండి. దారి వేసింది దొరగారండి. నేను తలుపు తీసేవాణ్ణండి" అని మైకుకే దణ్ణం పెట్టి దిగిపోయాడు. నాకు కళ్లు చెమర్చాయి. అక్కడ చాలామందికి చెమర్చాయి.

చివర్లో కోశాధికారి గారు లేచారు. వసూలు చేసిన ప్రతి రూపాయికీ జనం ముందు లెక్క చెప్పడం మా ఊరి ఆనవాయితీ. చాలా మంచి ఆనవాయితీ అది. షామియానా ఇంత, మైకు ఇంత, పూలదండలు ఇంత, వంట సరుకులు ఇంత, శాలువా ఇంత అని ఒక్కొక్కటే చదివారు. తర్వాత విగ్రహం రంగుల పద్దుకు వచ్చారు.

"గుర్రానికి తెల్లరంగు, 1,400. దొరగారి కోటుకు ఎరుపు, 1,100. దొరగారి బూట్లకు నల్ల ఎనామిలు, రెండు కోటింగులు, కూలీతో కలిపి, 900. ఖర్చులన్నీ పోను మిగులు 1,340 రూపాయలు. వచ్చే ఏడాది వర్ధంతికి నిల్వ ఉంచడమైనది."

అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనే నిలబడి శాలువా మడత పెట్టుకుంటున్న లస్కరు బాబాయ్ తలెత్తి విగ్రహం వైపు చూశాడు. అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజమైన సంబరమే ఉంది.

"బూట్లు నిగనిగలాడిపోతున్నాయండీ. ఇంక దొరగారిని ఏ పురుగూ ముట్టుకోలేదండి" అన్నాడు.

అమలాపురం కొట్లో గమ్ బూట్ల జత 600 రూపాయలు.