మత్స్యగండ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: "చేప పోయిందా? పోనీలే బావా, ఇంటి గండం అది తీసుకుపోయింది."

అవతారిక: సూత్రకర్త మా బావమరిది. గృహప్రవేశానికి ఇరవై లీటర్ల గాజుతొట్టి, ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్లచేప తెచ్చి వాస్తు ప్రకారం ఈశాన్యంలో ప్రతిష్ఠించాడు. సూత్రం ఆరో రోజున ఆవిర్భవించింది. తర్వాత మరో ఎనిమిదిసార్లు పారాయణమైంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. అంత నిష్ఠ నాకు లేదని ముందే మనవి.

ప్రతిపదార్థం:

ఇంటి = స్పష్టం.

పోయిందా = రూపం ప్రశ్న, ధ్వని అభినందన.

చేప = దీనిమీద కొంత చెప్పాలి. భాగవతం అష్టమ స్కంధంలో ద్రవిడ రాజు సత్యవ్రతుడు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుండగా దోసిట్లో చిన్న చేప పడింది. కమండలువులో వేసుకుని తెచ్చాడు. తెల్లారేసరికి చోటు చాలలేదు; చాలలేదని చేపే చెప్పింది. పెద్ద పాత్రలోకి మార్చాడు, చాలలేదు. కొలను, పెద్ద మడుగు, చివరికి సముద్రం. శతపథ బ్రాహ్మణంలోని మనువు కథలోనూ అదే వరస: కుండ, గొయ్యి, సముద్రం. పెద్దలకు ఇందులో ప్రళయం కనిపించింది. నాకు మాత్రం చేప మాట విని నీళ్ళు పెంచిన రాజు కనిపిస్తాడు. అది విష్ణువని తెలియకముందే పాత్ర మార్చాడు, అదీ విశేషం. దేవుడని తెలిశాక ఎవడైనా మారుస్తాడు. గోల్డ్ ఫిష్ కూడా జానెడు దాకా పెరగగలదు. పాపం, నోరు విప్పి అడగదు.

ఎక్కడున్నాం? ఆఁ, గండం.

గండం = అమ్మోనియా. చేప మొప్పల గుండా వదిలేది, తినగా మిగిలిన మేత కుళ్ళితే పుట్టేది. నీళ్ళు అద్దంలా ఉన్నా అందులో ఉండగలదు. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటు చేస్తాయి, అదీ విషమే. మరో తెగ దాన్ని నైట్రేటు చేస్తుంది. అది కాస్త నయం. ఒకే తొట్టిలో ఇన్ని రకాలు గనకే కాబోలు, మనం 'నీళ్ళు' అని బహువచనంలో అంటాం. ఈ సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో కాపురం పెట్టడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. మా తొలి చేపకు దొరికింది ఆరు రోజులు.

తీసుకుపోయింది = కర్త ఎవరన్నది వివాదం.

పూర్వపక్షం, దుకాణదారుడిది: "నీళ్ళు మొత్తం పారబోసి, ఫిల్టరు స్పాంజి కుళాయి కింద బాగా పిండండి." పిండాను. అప్పుడే చేరుతున్న సూక్ష్మజీవులు కుళాయి క్లోరిన్‌కు పోయాయి.

సిద్ధాంతం: వారానికి నాలుగో వంతు నీళ్ళు మారిస్తే చాలు. కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేటు చుక్కలు వేయాలి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే జాడించాలి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా రావాలి. ఇంతా చెప్పడానికి అరనిమిషం పట్టదు. చేపలమ్మినవాడూ చెప్పలేదు, తెచ్చినవాడూ అడగలేదు, పిండేముందు నేనూ ఆలోచించలేదు. ఎండ తగిలి అద్దానికి నాచు పడితే, "ఐశ్వర్యం పచ్చగా పట్టింది బావా" అన్నాడు సూత్రకర్త.

అలంకారం: అపహ్నుతి. చావును చావు కాదని, దానిమీద శుభాన్ని ఆరోపించడం.

శేషప్రశ్న: చివరికి మిగిలిన నల్లచేప నీటి పైకి మూతి పెట్టి రాత్రంతా గుటకలు వేసింది. దాని గండం తీసుకుపోయేదెవరో సూత్రంలో లేదు.

తాత్పర్యం: ఇంటికొచ్చిన గండాన్ని చేపలు మోయలేదు. చేపలకొచ్చిన గండం మా ఇల్లు.

ఇప్పుడు తొట్టిని ఎండ తగలని గోడకు మార్చాను. ఫిల్టరు తిరుగుతోంది, చేపల్లేవు. ఆ సూక్ష్మజీవుల కోసం రోజూ ఖాళీ నీళ్ళలో చిటికెడు మేత వేస్తున్నాను. మొన్న అది చూసి బావమరిది మా ఆవిణ్ణి వంటింట్లోకి పిలిచి అడిగాడట: "బావ జాతకంలో గండమేమైనా ఉందేమో, చూపించావా అక్కా?"