శాలువా కప్పే చేతులకు జోహారు

మన రెండు తెలుగు ప్రభుత్వాలకూ, మన పరిశ్రమ పెద్దలకూ ఉన్న ముందుచూపు దేశంలో ఇంకెవరికీ లేదని కేరళను చూశాక నాకు గట్టి నమ్మకం కుదిరింది. 2019 ప్రాంతంలో ఆ రాష్ట్రం ఒక తొందరపాటు పని చేసింది. ఆడవాళ్ళు సినిమా తియ్యాలంటే డబ్బు కావాలి కదా అనుకుంది. అనుకుని ఊరుకోకుండా తన ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌నే నిర్మాతగా నిలబెట్టి సినిమాకు కోటిన్నర చొప్పున కేటాయించింది. తర్వాత షెడ్యూల్డు కులాల, తెగల దర్శకులకూ అదే వరస. ఏమైందో చూడండి. తారా రామానుజన్ తీసిన ‘నిషిద్ధో’ రాష్ట్ర అవార్డుల్లో రెండో ఉత్తమ చిత్రాల్లో ఒకటైంది. శ్రుతి శరణ్యం లోదుస్తుల కొలతలనే పేరుగా పెట్టి ‘బి 32 ముతల్ 44 వరె’ అని ఆడవాళ్ళ ఒంటి గురించి ఆడవాళ్ళే మాట్లాడుకునే సినిమా తీసింది. శివరంజిని ‘విక్టోరియా’ కథంతా ఒక బ్యూటీ పార్లర్‌లో, మధ్యలో ఒక కోడిపుంజుతో సహా నడుస్తుంది. దాని హీరోయిన్‌కు 2025లో షాంఘై చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి కూడా వచ్చింది. ఇంత ప్రజాధనం పోసి కేరళ సంపాదించుకున్నది ఇదీ.

పైగా గొడవలు. డబ్బిచ్చిన కార్పొరేషన్ తీరు మీదే ఒక దర్శకురాలు బాహాటంగా ఆరోపణలు చేశారు. 2025 ఆగస్టులో తిరువనంతపురంలో సినిమా విధానం మీద పెద్ద సమావేశం పెడితే, ముగింపు సభలో అదూర్ గోపాలకృష్ణన్ గారు లేచి కోటిన్నర చాలా ఎక్కువ, ముగ్గురికి తలా యాభై లక్షలు ఇస్తే చాలు, ఇచ్చే ముందు కనీసం మూడు నెలలు శిక్షణ ఇవ్వాలి అన్నారు. సభలో ఉన్న ఒక గాయని అక్కడికక్కడే అభ్యంతరం చెప్పింది. మర్నాటి నుంచి రాష్ట్రమంతా రచ్చ. అదూర్ గారి ఆవేదన అర్థం చేసుకోదగ్గదే. ఆయన పూనా ఇన్‌స్టిట్యూట్‌లో సర్కారు ఖర్చుతో నడిచే చదువు చదివారు, మొదటి సినిమా ‘స్వయంవరం’ ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పుతో తీశారు. సర్కారు సొమ్ము అందితే మనిషి ఎంత దూరం వెళ్ళగలడో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మన దగ్గర ఇలాంటి రచ్చ ఒక్కటైనా విన్నారా? వినరు. ఆడవాళ్ళకో, దళితులకో, ఆదివాసులకో విడిగా నిధి పెట్టి సినిమా తీయించే పథకం జోలికే మనవాళ్ళు పోలేదు. ఇవ్వని డబ్బులో అవినీతి ఉండదు. ఇవ్వని డబ్బుకు లెక్కలడిగే పని లేదు. కాగ్ అభ్యంతరం లేదు, అసెంబ్లీలో ప్రశ్న లేదు, దర్శకురాలి ఫేస్‌బుక్ పోస్టు అంతకంటే లేదు. పారదర్శకత ఇంతకంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు.

బెంగాల్ వాళ్ళు ఇంకా ముందే కాలు జారారు. చేతిలో డబ్బయిపోయి సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ని మధ్యలో ఆపేస్తే, ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ సర్కారు నిధులిప్పించాడు. సినిమాకు డబ్బిచ్చే పద్దు అప్పట్లో లేదు. పేరులో దారి ఉంది కాబట్టి రోడ్ల అభివృద్ధి పద్దులో రాసేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన సచివాలయంలో ఇలాంటి అవకతవక కలలో కూడా జరగదు. రోడ్ల పద్దు రోడ్లదే. ఆ రోడ్లు చూస్తే ఒక్క పైసా సినిమాకు మళ్ళలేదని ఎవరైనా ఒప్పుకుంటారు.

అలాగని మనవాళ్ళు చిన్న సినిమాను పట్టించుకోలేదంటే కళ్ళు పోతాయి. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ ధరల జీవో ఇస్తూ, అయిదో ఆట వేసుకోవాలంటే రోజులో ఒక ఆట చిన్న సినిమాకు ఇవ్వాలని షరతు పెట్టింది. చిన్న సినిమా అంటే 20 కోట్ల లోపుది. ఎంత విశాల హృదయం! ఇరవై లక్షలు అప్పు తెచ్చి, ఊళ్ళో జనాన్నే నటులుగా పెట్టుకుని తీసిన పిల్లకూ, పంతొమ్మిది కోట్లు పెట్టిన నిర్మాతకూ ఒకే చాప వేసి పక్కపక్కనే కూర్చోబెట్టారు. ఆ ఒక్క ఆట ఎవరికి దక్కుతుందో వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు. అదే జీవోలో పెద్ద సినిమాకు కూడా న్యాయం చేశారు. హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు తీసేశాక కూడా వంద కోట్లు దాటే పేదలకు మొదటి పది రోజులు టికెట్ ధర పెంచుకునే వెసులుబాటు ఇచ్చారు. తెలంగాణ ఇంకా ఉదారంగా 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ ముందు రాత్రి ఆటకు టికెట్ మీద అదనంగా 800 రూపాయలు తీసుకోనిచ్చింది. కష్టాల్లో ఉన్నవాళ్ళను ఆదుకోవడమంటే అది.

ఆ చిన్న సినిమాకు దొరికే ఆట ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్ళకు ఈ దయ ఇంకా బాగా తెలుస్తుంది. ఉదయం పదకొండు గంటలు, సోమవారం. బుకింగ్ కౌంటర్ కిటికీ సగమే తెరిచి ఉంటుంది. కిటికీ ముందు నలుగురుంటారు, అందులో ఇద్దరు సినిమాలో నటించినవాళ్ళే. పదిమంది వస్తేగాని బొమ్మ వెయ్యం అంటాడు మేనేజరు. అతన్ని అనడానికి లేదు, ఏసీ బిల్లు అతనే కట్టాలి. దర్శకురాలు బయటికి పోయి టీ కొట్టు దగ్గరున్న ఆటోవాళ్ళకు టికెట్లు తనే కొని చేతిలో పెడుతుంది. పదో మనిషి లోపలికి వచ్చేసరికి టైటిల్స్ అయిపోతాయి. లీజుల మీద నడిచే థియేటర్లు కదా, శుక్రవారం పెద్ద బొమ్మ దిగితే ఈ ఆట కూడా ఉండదు. తెరకింత, వారానికింత అని డిజిటల్ కంపెనీకి కట్టే రుసుము మాత్రం ఉంటుంది. ఈ రుసుముల మీద 2018 మార్చిలో దక్షిణాది పరిశ్రమలన్నీ కలిసి సినిమాలు ఆపేశాయి. బడా నిర్మాతలకే భారమైన ఆ రుసుమును మోసే భాగ్యం కొత్త పిల్లకు కూడా కల్పించారంటే మన సమానత్వ స్ఫూర్తిని మెచ్చుకోవాలి.

మన ఆడవాళ్ళకు ఇలాంటి స్వయంపోషకత్వం కొత్త కాదు. 1968లో సావిత్రి ‘చిన్నారి పాపలు’ తీసింది. దర్శకత్వం ఆమెది, సంగీతం పి. లీలది, ముఖ్యమైన శాఖలన్నీ ఆడవాళ్ళవే. ఆ రోజుల్లో దేశంలో ఎక్కడైనా అలాంటి ప్రయత్నం అరుదే. ఆ సినిమా ఆడలేదు, నష్టం సావిత్రి మీద పడింది. పరిశ్రమ ఏం చేసింది? ఆమెకు మహానటి అన్న బిరుదు చిరస్థాయిగా ఉంచింది. అప్పులు బిరుదుతో తీరవు గాని బిరుదుకు వడ్డీ లేదు కదా.

నిధుల భారాన్ని మన ప్రభుత్వాలు ఎంత చాకచక్యంగా దించుకున్నాయో అమెరికా వైపు చూస్తే తెలుస్తుంది. రజనేష్ దోమలపల్లి ‘వనజ’ను కొలంబియా విశ్వవిద్యాలయంలో తన చదువుకు థీసిస్ చిత్రంగా తీశాడు. కూచిపూడి నేర్చుకోవాలనుకునే పేద పిల్ల కథ, మన పల్లె, మన మనుషులు. 2007లో బెర్లిన్‌లో ఉత్తమ తొలి చిత్రం బహుమతి వచ్చింది. 2018లో వెంకటేష్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశాడు. దానికి డబ్బు పెట్టిన పరుచూరి ప్రవీణ అమెరికాలో గుండె డాక్టరు. విశాఖ కంచరపాలెం వీధుల్లోని మనుషుల్నే తెర మీద పెట్టడానికి ఒక గుండె డాక్టరు అక్కడ రోగుల్ని చూసి సంపాదించాల్సి వచ్చింది. ఈ లెక్కన తెలుగు స్వతంత్ర సినిమాకు అసలైన పోషక సంస్థ అమెరికా ఆరోగ్య బీమా అనుకోవచ్చు. సినిమా పూర్తయ్యాక, అందరూ బాగుందన్నాక, మన ఊళ్ళోని పెద్ద సంస్థ ‘సమర్పణ’ అని పేరు వేసి విడుదల చేసింది. ఆ మాత్రం వెన్నుదన్ను లేకపోతే ఆ సినిమా మనదాకా వచ్చేది కాదని నేను ఒప్పుకుంటాను. ఇక్కడ పొగడ్త నిజంగానే పొగడ్త.

కేంద్రం కూడా తక్కువ తినలేదు. అధికారిక సహనిర్మాణాలకు ప్రోత్సాహకాన్ని 2022లో ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2 కోట్లు అని మొదలుపెట్టి, మరుసటి ఏడు 40 శాతానికి, 30 కోట్లకు పెంచింది. షరతు ఒక్కటే, ముందు ఖర్చు పెట్టాలి. జేబులో రూపాయి ఉన్నవాడికి నలభై పైసలు తిరిగిస్తారు. రూపాయే లేనివాడికి సున్నాలో నలభై శాతం. లెక్క ఎక్కడా తప్పు పోలేదు. పాయల్ కపాడియా పూనాలో చదువుతున్న రోజుల్లో, 2015 విద్యార్థుల సమ్మె తర్వాత ఆమె మీద కేసు నడిచింది. ఆమె తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ ఫ్రాన్సు వగైరా దేశాల డబ్బుతో పూర్తయి 2024లో కాన్‌లో గ్రాండ్ ప్రి తెచ్చుకుంటే దేశమంతా అభినందించింది. ఆస్కార్‌కు పంపే దగ్గర మాత్రం ఫిల్మ్ ఫెడరేషన్ వారి కమిటీకి అది ఇండియాలో జరిగే యూరప్ సినిమాలా తోచిందట. పెట్టుబడి ఎవరిదో సినిమా వాళ్ళదే అనే సూత్రం వాళ్ళకు బాగా వంటబట్టింది.

ఇక్కడ ప్రాతినిధ్యం గురించి ఒక మాట. మన సినిమాల్లో అణగారినవాళ్ళకు ప్రాతినిధ్యం లేదని కొందరు నోరు పారేసుకుంటారు. ఎర్రచందనం కూలీ కథ వేల థియేటర్లలో ఆడింది. గోండు వీరుడు ఆస్కార్ వేదిక దాకా పోయిన సినిమాలో పులితో తలపడ్డాడు. మన హీరోలు వంశపారంపర్యంగా వచ్చిన తెల్లటి ఒంటికి గంటల తరబడి నల్లరంగు పట్టించుకుని, ఆ కష్టం అంతా అడవిబిడ్డల కోసం పడుతుంటే, ఆ బిడ్డలకు మళ్ళీ కెమెరా కూడా ఎందుకు?

అయినా కొందరు వినలేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివర్లో వీడియో కెమెరాలు పట్టారు. చాలామందికి చదవడం రాయడం రాదు. అందుకని షాట్లకు తమకు తెలిసిన పేర్లే పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింది నుంచి పైకి చూసేది బానిస షాట్. కళ్ళకు కళ్ళు ఎదురుగా ఉండేది సంఘం షాట్. వరంగల్ జిల్లా బీటీ పత్తి రైతుల వెంట నెలల తరబడి పొలాల్లో తిరిగి వాళ్ళు తీసిన చిత్రం దేశవిదేశాలకు పోయింది. ఫిల్మ్‌నగర్ వీళ్ళను ఏ రోజూ ఇబ్బంది పెట్టలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. పాతికేళ్ళకు పైగా ఇలా ఒక కళాకారుల బృందాన్ని ప్రశాంతంగా వదిలేయగలిగిన నిగ్రహం మామూలుది కాదు. నిధి కమిటీ అంటూ ఏనాడైనా పెడితే అందులో వీళ్ళలో ఒకామెను కూర్చోబెట్టవచ్చు. అప్లికేషన్ పెట్టుకున్నవాళ్ళను అధికారులు ఏ షాట్‌లో చూస్తున్నారో క్షణంలో చెప్పేస్తుంది.

ఇక అసలు ఘనత అవార్డులు. 2014, 2015, 2016 సంవత్సరాల నందులను 2017 నవంబరులో ఒక్క రోజే ప్రకటించారు. తెలంగాణ ఇంకా ఓపిక పట్టి, 2025 జూన్‌లో 2024 అవార్డులతో పాటు 2014 నుంచి 2023 వరకు వచ్చిన ఉత్తమ చిత్రాలన్నిటికీ గద్దర్ పేరిట ఒకేసారి ఇచ్చేసింది. పదేళ్ళ కింద ఆ సినిమా తీసినవాడు ఈపాటికి ఫీల్డు వదిలి రియల్ ఎస్టేట్‌లో స్థిరపడి ఉంటాడు కాబట్టి, వచ్చిన డబ్బు దారి తప్పి మళ్ళీ సినిమాలో పెడతాడనే భయం లేదు. 2024కు మొదటి ఉత్తమ చిత్రంగా ఖర్చులో దేశంలోనే ముందు వరసలో నిలిచిన ‘కల్కి 2898 ఏడీ’ని ఎంచారు. గద్దర్ తెర మీద కనిపించిన ‘మాభూమి’ నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ ఎలా పైసా పైసా కూడేశారో తెలిసినవాళ్ళకు ఈ ఎంపికలోని సమన్వయం ఇంకా బాగా నచ్చుతుంది.

కొత్తవాళ్ళను మరిచిపోలేదు. 2025 బతుకమ్మకు తెలంగాణ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ యువ దర్శకులకు పోటీ పెట్టింది. షార్ట్ ఫిల్మ్ మూడు నిమిషాలు దాటకూడదు. రాష్ట్ర సంస్కృతి, పండుగలతో పాటు ప్రభుత్వ పథకాల మీద కూడా తీయవచ్చు. మొదటి బహుమతి 3 లక్షలు. కేరళవాళ్ళు రెండు గంటల సినిమాకు కోటిన్నర పెడితే మనవాళ్ళు నిమిషానికి లక్ష పెట్టారు. లెక్కవేస్తే పెద్ద తేడా లేదు. ఆ మిగిలిన నూట పదిహేడు నిమిషాలు ఏం చెప్పాలో కూడా ఆలోచించుకునే బాధ తప్పించారు.

ఇంత చేసినవాళ్ళను ఇంకా అడగడం మర్యాద కాదు గాని, ఒక చిన్న మనవి. వచ్చే ఏడు అవార్డుల్లో ‘ఉత్తమ తీయని చిత్రం’ అని ఒక విభాగం చేర్చండి. ప్రతి జిల్లాలో బీరువాల్లో స్క్రిప్టులు ఉన్నాయి, పోటీకి కొరత రాదు. జ్యూరీకి ప్రివ్యూ థియేటర్ అద్దె ఉండదు, సెన్సారు సర్టిఫికెట్ జతచేయమనే పని లేదు, థియేటర్ దొరకలేదనే ఫిర్యాదు అసలే రాదు. నగదు అక్కర్లేదు, మెమెంటో, శాలువా చాలు. హైదరాబాద్ దాకా బస్సు చార్జీలు వాళ్ళే పెట్టుకుంటారు, వాళ్ళకు అలవాటే.