పూర్తిగా ఏకీభవిస్తున్నాను

బీఎడ్ కాలేజీలకు ఏటా ఒక అతిథి వస్తుంటాడు. చేతిలో ప్రశ్నావళి, ముఖంలో వినయం, వెనకాల తరుముకొస్తున్న పీహెచ్‌డీ గడువు. కాగితం పైన ‘తరగతి గదిలో సాంకేతికత పట్ల ఛాత్రోపాధ్యాయుల సంసిద్ధత’ అని అచ్చయి ఉంటుంది. కింద ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు గడులు. ‘పూర్తిగా ఏకీభవిస్తున్నాను’తో మొదలై ‘పూర్తిగా విభేదిస్తున్నాను’తో ముగుస్తాయి. ఈ కొలబద్దను 1932లో రెన్సిస్ లైకర్ట్ తయారు చేశాడు. పాపం, ఆయనకు మన ఇంటర్నల్ మార్కుల సంగతి తెలియదు. లెక్చరర్ ఎదురుగా నిలబడి ఉండగా మన పిల్లల పెన్ను మొదటి గడి దాటి కుడివైపుకు పోదు. సంసిద్ధత అత్యధికమని తేలుతుంది. థీసిస్ బైండింగుకు పోతుంది.

ఈ తరహా పరిశోధనలకు మూలపురుషుడు ఫ్రెడ్ డేవిస్. పనికొస్తుందనీ, వాడటం తేలికనీ అనిపిస్తేనే మనిషి కొత్త సాంకేతికతను ఒప్పుకుంటాడని 1989లో తేల్చాడు. అందుకోసం కెనడాలోని ఐబీఎం ఉద్యోగులను వాళ్లు వాడుతున్న ఈమెయిల్ గురించి అడిగాడు. వాడుతున్నవాళ్లను అడిగాడన్న ముక్క మన దాకా వచ్చేసరికి దారిలో ఎక్కడో జారిపోయింది. ప్రశ్నావళి ఒక్కటే క్షేమంగా చేరింది.

సర్కారు శ్రద్ధను శంకించడానికి లేదు. 2015లో బీఎడ్ రెండేళ్లయింది, సమాచార, ప్రసార సాంకేతికత (ఐసీటీ) సిలబస్‌లో చేరింది. తెలంగాణ ఎడ్‌సెట్‌లో 150 మార్కులకు 20 కంప్యూటర్ పరిజ్ఞానానివే. చిక్కంతా రికార్డుతో. బీఎడ్‌లో ఏది నేర్చినా రికార్డు రాయాలి, ఐసీటీ నేర్చినా రాయాలి. కంప్యూటర్ బొమ్మ స్కెచ్ పెన్నుతో వేసి, భాగాలు గుర్తించి, మౌస్ తోకకు ఆకుపచ్చ రంగు పూయాలి. పవర్‌పాయింట్ పాఠమైతే స్లైడ్లన్నీ కలర్ ప్రింటు తీసి, జిగురుతో అంటించి, సంతకం పెట్టించుకోవాలి. అమీర్‌పేట జిరాక్స్ షాపు ముందు కాసేపు నిలబడితే బేరం ఇలా వినపడొచ్చు:

“అన్నా, ఐసీటీ రికార్డు రాసిస్తరా?”

“రాసిస్తమక్కా. టైపు జేసి ప్రింటు దీస్తే సగం రేటే.”

“ప్రింటు తీస్కోరన్నా. కంప్యూటర్ రికార్డు గద, చేత్తోనే ఉండాల్నంట.”

ఇక ఎడ్గార్ డేల్. 1946లో ఈయన గీసిన అనుభవ శంఖువు తెలియకుండా టెట్, డీఎస్సీ రాసినవాళ్లు ఉండరు. అడుగున ప్రత్యక్ష అనుభవం, కొనన ఉత్త మాటలు. మనవాళ్లు ఆ శంఖువును కొన దగ్గరే పట్టుకుని బిట్లుగా బట్టీ పడతారు. ప్రత్యక్ష అనుభవం అడుగున ఉంటుందని చెప్పినందుకు మార్కు వస్తుంది. ఆ అనుభవం కలిగించాల్సిన ప్రొజెక్టర్ మాత్రం గుడ్డ కప్పుకుని బీరువాలో ఉంటుంది, తనిఖీ బృందం వచ్చిన రోజున బయటికొచ్చి చూసి మళ్లీ లోపలికి పోతుంది.

దేశానికంతా సాఫ్ట్‌వేర్ నేర్పిన అమీర్‌పేట ఈ విషయంలో ఏమైనా దారి చూపిస్తుందా అని మైత్రీవనం వైపు చూస్తే, అక్కడ మరో వింత. జావా అయినా, ఒరాకిల్ అయినా, పేరున్న ఫ్యాకల్టీ అంటే ఒక మైకు, ఒక బోర్డు, హాలు నిండా జనం. ఆయన ప్రోగ్రాం బోర్డు మీద రాస్తాడు, వీళ్లు నోట్సులో రాసుకుంటారు. ఆ చేతిరాత నోట్సు కింద జిరాక్స్ షాపులో పుస్తకమై అమ్ముడవుతుంది. స్మార్ట్ బోర్డు లేదని ఎవరూ ధర్నా చేయలేదు, ఉద్యోగాలూ ఆగలేదు. దీన్నిబట్టి సుద్దముక్కే మేలని నేననడం లేదు. ఇంటికెళ్లి ఆ ప్రోగ్రాం నడిపి చూసుకోవడానికి అమీర్‌పేట పిల్లాడికి ఒక కంప్యూటర్ దొరుకుతుంది. బీఎడ్ అమ్మాయికి దొరికేది ఫెవికాల్ డబ్బా.

ఆ అమ్మాయికి సాంకేతికత మీద ఇష్టం లేదా? పంజాగుట్టలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగేది ఒకే ఒక్క స్టేషన్. ఆలోపే క్యూఆర్ కోడ్ టికెట్టు చూపిస్తుంది, టెలిగ్రాంలో పీడీఎఫ్ దించుతుంది, టీశాట్ డీఎస్సీ పాఠం రెట్టింపు వేగంతో వింటుంది. 2024లో తెలంగాణలో 11,062 టీచర్ పోస్టులకు డీఎస్సీ కంప్యూటర్ మీదే పెట్టారు. నాకు సంసిద్ధత లేదని ఏ ఒక్కరూ హాల్ టికెట్టు వెనక్కివ్వలేదు.

2020లో బడులు మూతపడ్డాక ప్రైవేటు పంతుళ్లు ఎంతోమంది చేతిలోని ఫోనుతోనే ఆన్‌లైన్ క్లాసులు మొదలెట్టారు. ఎవరూ ప్రశ్నావళి ఇవ్వలేదు, ఓరియెంటేషన్ పెట్టలేదు. డేటా రీచార్జి ఎవరు చేయించుకోవాలన్నది అడగకూడని ప్రశ్న. ఆ తర్వాత చాలామందికి జీతాలూ ఆగిపోయాయి. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. సాంకేతికతను ఒప్పుకున్నందుకు బియ్యం అందుకున్న వర్గం ప్రపంచంలో మరొకటి ఉందేమో, డేవిస్ గారి అనుచరులు వెతకాలి.

తెలంగాణ సర్కారీ బడికొస్తే, సెల్‌ఫోనుకు ముఖం చూపించి హాజరు వేయించుకునే పద్ధతి 2025లో టీచర్లకూ వచ్చింది. పాఠం చెప్పే సాంకేతికతకు నిధులు, టెండర్లు, మార్గదర్శకాలు, కమిటీలు కావాలి. పంతులు వచ్చాడో లేదో చూసే సాంకేతికతకు అవేవీ అడ్డు రావు.

వచ్చే ఏడు ప్రశ్నావళి పట్టుకుని బయల్దేరే పరిశోధకులకు ఒక మనవి. పిల్లల్ని వాళ్ల రికార్డులు రాసుకోనివ్వండి. నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి, కంప్యూటర్ ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గరుందో, కిందటి నెలలో ఎన్నిసార్లు తీశారో అడిగి రాసుకోండి. దానికి ఐదు గడులు అక్కర్లేదు.